మెదడుది ఏ గ్రూపు?

(ఆచార్య కోనేరు రామకృష్ణారావు స్మృతిలో: స్మారకోపన్యాస పాఠం)



పదో తరగతి ఫలితాలొచ్చిన మర్నాడు కోనసీమలో ఏ అరుగు మీద విన్నా ఒకటే ప్రశ్న: ఎంపీసీయా, బైపీసీయా? రాజోలులో అయినా, కొత్తపేటలో అయినా, అమలాపురం గడియారస్తంభం దగ్గరైనా పదిహేనేళ్ళ బిడ్డ ముందు ఉండేవి రెండే దారులు. లెక్కలు వస్తే ఇంజనీరు, బొమ్మలు పొందిగ్గా గీస్తే డాక్టరు. ఆ బిడ్డ నోరు తెరిచి "నాకు మెదడు గురించి చదవాలని ఉంది" అంటే ఇంట్లోవాళ్ళు కంగారేమీ పడరు. "అయితే బైపీసీ తీసుకో, నీట్ రాయి, ఎంబీబీఎస్ అయ్యాక న్యూరాలజీ సంగతి చూద్దాం" అంటారు. ఇంటర్ రెండేళ్ళు, ఎంబీబీఎస్ అయిదున్నరేళ్ళు, ఆపైన ఎండీ మూడు, డీఎం మూడు. లెక్క కడితే పదమూడేళ్ళు దాటుతుంది.

ఆ సలహాలో తప్పు లేదు. జబ్బు చేసిన మెదడును చూడటానికి వైద్యులు కావాలి. మరి జబ్బు చేయని మెదడు సంగతి? చీకట్లో అమ్మ గొంతు పోల్చుకోవడం, రేవులో పంటు ఎక్కేటప్పుడు అడుగు తూచి వేయడం, తెలుగులో ఎత్తుకున్న వాక్యాన్ని ఇంగ్లిషులో దించడం, నలభై ఏళ్ళ కిందట విన్న పద్యం ఉన్నట్టుండి నోటికి రావడం, ఇవన్నీ మెదడు రోజూ చేసే పనులే. వీటిని చదివే శాస్త్రం వేరే ఉంది. సంజ్ఞానాత్మక శాస్త్రం అని పుస్తకాల్లో రాస్తారు, కాగ్నిటివ్ సైన్స్ అని తరగతిలో పిలుస్తారు. మెదడు నిర్మాణాన్ని చదివే న్యూరోసైన్సుతో కలిపి దీన్ని డిగ్రీ మొదటి ఏడాది నుంచే చెప్పే విశ్వవిద్యాలయాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆ కోనేరు రామకృష్ణారావు (1932–2021) కూడా ఏ గ్రూపులోనూ ఇమడని మనిషి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివారు, అక్కడే పాఠం చెప్పారు. అమెరికా వెళ్ళి డ్యూక్ విశ్వవిద్యాలయంలో, టెలిపతి వంటి అతీంద్రియ శక్తులను పరీక్షించిన జె.బి.రైన్ దగ్గర ప్రయోగాలు చేశారు. 1960ల చివర విశాఖలో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన విభాగాన్ని నెలకొల్పారు. అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు, భారత తాత్విక పరిశోధన మండలికి అధ్యక్షులయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. స్మారక సభ కదా అని ఒక నిజాన్ని దాచకూడదు. ఆయన జీవితంలో చాలా భాగం ధారపోసిన పరామనోవిజ్ఞానాన్ని శాస్త్రలోకం ఒప్పుకోలేదు. ఒకచోట వచ్చిన ఫలితం మరోచోట మరొకరు చేసినా రావాలన్న పరీక్షకు అది నిలవలేదు. నిలిచింది వేరే ఉంది. మనసు గురించి మాట్లాడేవాడికి తత్వం తెలియాలి, ప్రయోగం చేయడం రావాలి, గణాంకాలు వేయడం రావాలి అన్న ఆయన పట్టుదల. అమెరికాలో ఈ చదువు ఇవాళ సరిగ్గా ఆ మూడింటి మీదే నడుస్తోంది.

మసాచుసెట్స్‌లోని ఎంఐటీనే తీసుకుందాం. అక్కడ 1964లో మనస్తత్వశాస్త్ర విభాగంగా మొదలైనది 1986లో మెదడు, సంజ్ఞాన శాస్త్రాల విభాగంగా పేరు మార్చుకుంది. విద్యార్థులు దాన్ని తొమ్మిదో నంబరు కోర్సు అంటారు. అందులో చేరినవాడు మిగతా శాఖలవాళ్ళ లాగే ముందు కలనగణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం చదవాల్సిందే. తర్వాత నాడీకణం, జ్ఞాపకం, చూపు, భాష. వాటి పక్కనే గణాంకాలు, కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం, ప్రయోగశాలలో చేతిపని. 2019లో కంప్యూటర్ సైన్సును, ఈ శాఖను కలిపి ఇంకో డిగ్రీ కూడా పెట్టారు. మన భాషలో చెప్పాలంటే ఎంపీసీ, బైపీసీ, కొంచెం హెచ్‌ఈసీ ఒకే కంచంలో కలిపి వడ్డించిన భోజనం.

ఎందుకలా కలపాల్సి వచ్చిందో కోనసీమ రైతుకు చెప్పడం తేలిక. కాలువ భాష అతనికి పుట్టుకతో వచ్చింది.

పెద్దవాళ్ళ మెదడు బరువు సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులు, తినే శక్తి మాత్రం నూటికి ఇరవై వంతులు. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు. ఒక్కో కణం చుట్టూ పలచని పొర. పొర బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఆ పొరలో లాకు తలుపుల్లాంటివి ఉంటాయి. కబురు రాగానే ముందు సోడియం తలుపులు తెరుచుకుంటాయి, బయటిది లోపలికి ఉరుకుతుంది. రెప్పపాటులో వందో వంతు గడవకముందే అవి మూసుకుంటాయి. పొటాషియం తలుపులు కాస్త బద్ధకంగా తెరుచుకుని లోపలిది బయటికి వదిలి మట్టాన్ని సరిచేస్తాయి. ఈలోగా పక్క లాకుకు కబురు చేరిపోయి ఉంటుంది. ఇలా లాకు తర్వాత లాకు తెరుచుకుంటూ పోవడమే నాడీ సంకేతం. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. సరిగ్గా నూరేళ్ళకు, 1952లో, అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ అనే ఇద్దరు ఇంగ్లిషువాళ్ళు ఈ లాకుల లెక్క తేల్చారు. స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడీతంతువులో తీగలు దూర్చి కొలిచి, కొలతలన్నిటినీ నాలుగు అవకలన సమీకరణాల్లో ఇమిడ్చారు. కంప్యూటరు చేతికందక హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద వాటిని సాధించాడు. 1963లో వాళ్ళకు వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వైద్యానికి వచ్చిన ఆ బహుమానంలో సగం లెక్కలది.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. 2024లో భౌతికశాస్త్రపు నోబెల్ పంచుకున్న జెఫ్రీ హింటన్ కేంబ్రిడ్జిలో డిగ్రీ చదివింది ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రం. మెదడు ఎలా నేర్చుకుంటుందన్న కుతూహలమే అతణ్ణి యంత్రాలకు నేర్పే లెక్కల దాకా లాక్కెళ్ళింది. హైదరాబాద్ కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో బడి చదువు చదివిన రాజేశ్ పి.ఎన్.రావు అమెరికా వెళ్ళి డిగ్రీలో కంప్యూటర్ సైన్సు, గణితం తీసుకున్నారు. జీవశాస్త్రం ఆయన డిగ్రీ కాదు. 2013 ఆగస్టు 12న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన తలకు మెదడు విద్యుత్ సంకేతాలను పట్టే ఈఈజీ టోపీ పెట్టుకుని, తెర మీది ఆటలో తూటా పేల్చాలని మనసులో అనుకున్నారు, చెయ్యి మాత్రం కదపలేదు. అదే ప్రాంగణంలో ఇంకోచోట కూర్చున్న ఆండ్రియా స్టాక్కో తల మీద అయస్కాంత చుట్ట పనిచేసింది, అతని వేలు తనంతట తానే మీట నొక్కింది. ఒక మనిషి మెదడు నుంచి మరో మనిషి మెదడుకు యంత్రం ద్వారా కబురు పంపి చూపిన తొలి ప్రయోగాల్లో అదొకటి. టెలిపతి కాదది. తీగలు, గణాంకాలు, ఇంటర్నెట్. రామకృష్ణారావు చూసి ఉంటే ముచ్చటపడేవారేమో, రైన్ టెలిపతి పరీక్షల చీటీల కంటే ఇది గట్టి దారి అనీ ఒప్పుకునేవారేమో.

ఇక ఇంటి సంగతికి వద్దాం. మెదడు శాస్త్రానికి కోనసీమ దగ్గర సొంత సరుకు చాలా ఉంది.

అగ్రహారాల్లో ఘనాపాఠి అనే మాట వినని వాళ్ళుండరు. ఘన అంటే వేదపదాలను ఒక వరసలో మెలితిప్పి చెప్పడం. పదాలకు అంకెలు వేసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్ళీ ఒకటి రెండు మూడు. తర్వాత ఒక పదం ముందుకు జరిగి మళ్ళీ ఇదే వరస. ఒక్కో మెట్టుకు పదమూడు పదాలు పలకాలి, స్వరం తప్పకూడదు. ఒక పదం జారితే వెనక్కి తిప్పి చెప్పేటప్పుడు దొరికిపోతుంది. రాతప్రతి లేకుండా పాఠాన్ని కాపాడటానికి పెద్దలు వేసిన తాళం అది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ నైప్ ఈ గోదావరి డెల్టా వేదపండితుల కుటుంబాలతో దశాబ్దాల పాటు స్నేహం చేసి, వాళ్ళ జీవితాల మీద 2015లో ఒక పెద్ద పుస్తకమే వెలువరించారు.

ఇలాంటి అభ్యాసం మెదడులో జాడ వదులుతుందా? జేమ్స్ హార్ట్‌జెల్ బృందం ఈ ప్రశ్నే వేసింది. యజుర్వేదం కంఠస్థం చేసిన 21 మంది ఉత్తరాది పండితులను, అంతే సంఖ్యలో మామూలు వాళ్ళను ఎంఆర్‌ఐలో చూసి 2016లో ఫలితాలు ప్రకటించింది. భాషకు, జ్ఞాపకానికి, చూపుకు సంబంధించిన చోట్ల పండితుల మెదళ్ళలో తేడాలు కనిపించాయి. డిగ్రీ పిల్లవాడు ఇక్కడే ఆగి ఒక ప్రశ్న వేయాలి. చదువు వల్ల మెదడు అలా తయారైందా, అలాంటి మెదడున్న పిల్లలే ఆ చదువులో నెగ్గుకొచ్చారా? ఒక్కసారి తీసిన స్కాను ఈ చిక్కు విప్పలేదు. చదువు మొదలుకాకముందు ఒకసారి, ముగిశాక మరోసారి చూస్తే తెలుస్తుంది. ఇంత చిన్న విషయాన్ని పట్టుకోవడం నేర్పితే ఆ డిగ్రీ సగం పని చేసినట్టే. వాట్సాప్‌లో తిరిగే "మన పూర్వీకుల మెదడు రహస్యం" అన్న సందేశాన్ని ముందుకు పంపకుండా ఆపేది కూడా ఆ ప్రశ్నే.

అవధానం మరో గని. అవధానమంటేనే ధ్యాస. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వ్యస్తాక్షరి, ఘంటాగణనం, పక్కన అప్రస్తుత ప్రసంగం. ఎనిమిది మంది ఎనిమిది వైపులా లాగుతుంటే అవధాని అన్నిటినీ మోసి చివర్లో ధారణ చేస్తాడు. పేరుమోసిన అవధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి పుట్టిన కడియం గోదావరి అవతలి ఒడ్డునే ఉంది. జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1956లో రాసిన వ్యాసంలో మనిషి ఒక్కసారిగా మనసులో పట్టి ఉంచగలిగింది సుమారు ఏడు అంశాలని తేల్చాడు. మరి అవధాని? దీనికి జవాబు వైపు చూపించింది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక డిగ్రీ విద్యార్థి. మొదట్లో అతనూ మామూలు మనిషే, ఏడంకెలకు మించి గుర్తుండేవి కావు. 230 గంటల పైచిలుకు సాధన తర్వాత 79 అంకెలు విని వెంటనే అప్పజెప్పాడు. పరుగుపందేలు ఆడేవాడు కాబట్టి అంకెలను నాలుగేసి చొప్పున పరుగు సమయాలుగా కట్టలు కట్టుకున్నాడు. అంకెలు తీసి అక్షరాలిస్తే మళ్ళీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. అంటే పెరిగింది బుర్ర సైజు కాదు, కట్టలు కట్టే నేర్పు. అవధానికి ఆ కట్టలు ఛందస్సు కట్టిపెడుతుందని ఊహించవచ్చు. ఊహే. పరీక్షించి చూడాలి. 1980లో ఆ ప్రయోగ ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చినప్పుడు ఆ విద్యార్థి పేరు కూడా రచయితల్లో ఉంది.

తెలుగువాళ్ళు చేసిన పనుల్లో ఈ చదువు స్వరూపాన్ని అన్నిటికంటే బాగా చూపేది హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో జరిగింది. న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి తన జ్ఞాపకశక్తి క్లినిక్కుకు వచ్చిన మతిమరుపు జబ్బు రోగులను గమనిస్తూ వచ్చారు. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు కలగలిసి వినిపిస్తాయి. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకూ, ఒక్క భాషతోనే బతికేవాళ్ళకూ తేడా ఉందా? 648 మంది రోగుల వివరాలు పరిశీలించారు, వాళ్ళలో 391 మందికి రెండో అంతకంటే ఎక్కువో భాషలు వచ్చు. రెండు భాషల వాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్ళలోనూ ఆ ఆలస్యం కనిపించింది. రెండుకు మించి భాషలు వస్తే అదనపు లాభం మాత్రం కనబడలేదు.

2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చిన ఆ పరిశోధనాపత్రం మీది పేర్లు చూడాలి. సువర్ణ అల్లాడి వైద్యురాలు. దుగ్గిరాల వసంత ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యురాలిగా పనిచేసినవారు. సూరంపూడి బాపిరాజు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి కంప్యూటర్ సైన్సు మీదుగా మెదడు దగ్గరికి వచ్చినవారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ శాఖకు దారి వేసి, తర్వాత ట్రిపుల్ ఐటీకి వెళ్ళారు. ఎడిన్‌బరో నుంచి టామస్ బాక్. ఒక్క పత్రం రాయడానికి బైపీసీ, ఎంపీసీ, ఆర్ట్స్ మూడూ కూడాల్సి వచ్చింది. ఆ మూడింటిలో ఒక్కటి లేకపోయినా ఆ ప్రశ్న వేయడమే కుదిరేది కాదు.

తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ ఇదే మాట చెప్పలేదన్నది కూడా పిల్లలకు చెప్పాలి. ఆరోగ్యవంతులను ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన కొన్ని పరిశీలనల్లో అంత తేడా దొరకలేదు. వివాదం నడుస్తోంది. నడుస్తోంది కాబట్టే కోనసీమకు అందులో పాత్ర ఉంది. రాజోలు, అమలాపురం చుట్టుపక్కల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళి, పలకాబలపం లేకుండా అరబ్బీ మాట్లాడటం నేర్చుకుని తిరిగొచ్చిన ఆడవాళ్ళు ఎంతమందో. నడివయసులో, బడి లేకుండా, పని చేస్తూ పట్టుకున్న రెండో భాష మెదడులో ఏం చేస్తుంది? ఈ ప్రశ్న లండన్‌లో కూర్చున్నవాడికి తట్టదు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డ డిగ్రీ అమ్మాయికి తట్టొచ్చు, ఎందుకంటే జవాబు వాళ్ళ మేనత్త దగ్గరుంది.

ఇంతకీ ఈ చదువు దొరికేదెక్కడ? మెదడు పేరుతోనే డిగ్రీ ఇచ్చే చోట్లు మన దేశంలో తక్కువ. అందుకని దారి కొంచెం చుట్టు తిరుగుతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ 2011 నుంచి నాలుగేళ్ళ పరిశోధన డిగ్రీ నడుపుతోంది. 2015లో మొదలైన తిరుపతి ఐసర్‌లో అయిదేళ్ళ చదువుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఇంజనీరింగుతో పాటు కాగ్నిటివ్ సైన్స్ ప్రయోగశాల తలుపు తట్టొచ్చు. పీజీకి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం ఉంది, 2002లో పెట్టిన అలహాబాద్ కేంద్రం ఉంది. బెంగళూరు నిమ్హాన్స్, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఆ పై మెట్లు. ఐఐటీ మద్రాసు మెదడు కేంద్రం 2024 డిసెంబరులో గర్భస్థ శిశువు మెదడు పటాన్ని 5,132 పొరల చిత్రాలతో అందరికీ తెరిచి పెట్టి, దానికి ధరణి అని పేరు పెట్టింది. కొత్తపేటలో కూర్చుని కూడా చూడవచ్చు. అదే ఐఐటీలో మెదడు నమూనాలు కట్టే ఆచార్యుడు వి.శ్రీనివాస చక్రవర్తి తెలుగులో సైన్సు రాస్తారు. ఇంగ్లిషు పుస్తకం చూసి బెదిరే పిల్లలకు అవి మంచి తొలిమెట్టు.

తల్లిదండ్రులకు దాచకుండా చెప్పాల్సినవీ ఉన్నాయి. ఈ డిగ్రీతో ఎవరూ డాక్టరు కారు. మానసిక చికిత్స చేయాలంటే పునరావాస మండలి గుర్తించిన వేరే చదువు, వేరే రిజిస్ట్రేషను కావాలి. డిగ్రీ కాగానే క్యాంపస్ ఉద్యోగం ఖాయం కాదు. పీజీయో పీహెచ్‌డీయో తప్పదు. మాటను గుర్తుపట్టే యంత్రాలు, వైద్య పరికరాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బోధన, గణాంక విశ్లేషణ వంటి చోట్ల పని ఉంది గానీ, ఆ పని లెక్కలు, ప్రోగ్రాములు వచ్చినవాళ్ళకే దక్కుతుంది. బైపీసీ పిల్లలు కలనగణితం చూసి, ఎంపీసీ పిల్లలు కణం బొమ్మ చూసి మొహం తిప్పుకుంటే ఈ చదువు సాగదు.

ఒక తలుపు మాత్రం ఈమధ్యే తెరుచుకుంది. 2025-26 నుంచి రాష్ట్ర ఇంటర్ బోర్డు లెక్కలు, జీవశాస్త్రం కలిపి చదివే ఎంబైపీసీని అనుమతించింది. ఇన్నాళ్ళూ పదిహేనో ఏట వేసిన అడ్డుగోడలో ఇదొక సందు. అయితే ఆ సందులోంచి వచ్చిన బిడ్డను డిగ్రీ కాలేజీ మళ్ళీ ఏదో ఒక గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే బోర్డు చేసిన పని వృథా.

డిగ్రీ కాలేజీలో ఈ చదువు మొదలుపెట్టడానికి కొత్త భవనాలు, ఎంఆర్‌ఐ యంత్రాలు అక్కర్లేదు. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ చేసిన ప్రయోగానికి కావలసినవి కాగితం, రంగులు, గడియారం. ఎరుపు అన్న మాటను నీలం సిరాతో రాసి, చదవొద్దు, సిరా రంగు చెప్పు అంటే నాలుక తడబడుతుంది. చదవడం అంత అలవాటైపోయిందన్నమాట. ఇదే ప్రయోగాన్ని ఒకసారి తెలుగు మాటలతో, ఒకసారి ఇంగ్లిషు మాటలతో చేస్తే తెలుగు మీడియం పిల్లలకు ఏ లిపిలో ఎక్కువ తడబాటు? ఇంగ్లిషు మీడియం పిల్లలకు? ఒత్తులూ గుణింతాలూ ఉన్న మాటకూ, లేని మాటకూ తేడా ఉందా? ప్రశ్న వేయడానికి తెలుగు అధ్యాపకుడు కావాలి, కన్నూ నాడీ వివరించడానికి జువాలజీ అధ్యాపకురాలు కావాలి, సగటు, విచలనం కట్టడానికి లెక్కల మాస్టారు కావాలి. పాల్గొనే ప్రతి మనిషినీ ముందు అడిగి, ఒప్పుకుంటేనే కూర్చోబెట్టాలన్న మర్యాద మొదటి పాఠం కావాలి.

అమలాపురంలో 1951 నాటి శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల ఉంది, ఆ పట్నంలోనే వైద్య కళాశాలా ఉంది. రాజోలులో, కొత్తపేటలో డిగ్రీ తరగతులున్నాయి. ఈ సభలో ఉన్న ప్రిన్సిపాళ్ళకు, అధ్యాపకులకు ఒకటే విన్నపం. వచ్చే విద్యాసంవత్సరం టైంటేబులు వేసేటప్పుడు వారానికి రెండు పీరియడ్లు అన్ని గ్రూపుల పిల్లలూ ఒకే గదిలో కూర్చునేలా, పైన చెప్పిన ముగ్గురు అధ్యాపకులూ ఆ గదిలో ఉండేలా చూడండి. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, ఒక డ్రాయింగు షీటు, సెల్‌ఫోనులో స్టాప్‌వాచీ ఉంటే మొదటి వారమే పని మొదలవుతుంది.